ఆల్బంలో అవ్వ లేదు

మా అవ్వ పోయిన మూడో రోజున ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. దండ వేయడానికి, గోడకు తగిలించడానికి ఒక్కటంటే ఒక్క మంచి ఫోటో కావాలి. బీరువాలో మూడు ఆల్బంలున్నాయి. 1994లో బాసర పోయినప్పటివి, కొండగట్టువి, వేములవాడలో తమ్ముడి పుట్టెంట్రుకలు తీయించినప్పటివి. అన్నిట్లో మేమున్నాం. మేనత్త ఉంది, చిన్నాయన ఉన్నాడు, కోడెమొక్కు తీర్చుకున్న రోజున పట్టుకున్న కోడె కూడా నిండుగా ఉంది. అవ్వ మాత్రం లేదు. ఒకదాంట్లో తమ్ముడికి బువ్వ తినిపిస్తున్న చెయ్యి కనిపించింది. గాజులను బట్టి అది అవ్వదేనని గుర్తుపట్టాం. ఇంకోదాంట్లో సంచులకు కాపలాగా ఎక్కడో వెనక కూర్చుని ఉంది, ముఖమంతా మసక.

చివరికి ఒక పెళ్లి గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి తీసుకుపోయాం. స్టూడియో ఆయన దాన్ని కంప్యూటర్లో ఎవరిదో ఒంటికి అతికించాడు. "ఏ రంగు చీర పెట్టమంటరమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక ఆకుపచ్చ అన్నాను. పదిహేనేళ్లు దాటింది. మా ఇంటి గోడ మీది అవ్వ, తను ఎన్నడూ కట్టని జరీ అంచు ఆకుపచ్చ చీరలో, ఎవరివో భుజాలతో, మాది కాని హారం వేసుకుని ఇప్పటికీ మమ్మల్ని చూస్తూనే ఉంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే రాసేదాన్ని కాదు. మీ ఇంట్లోనూ ఓసారి ఆల్బం తిరగేసి చూడండి. ఊరు పోయినప్పుడు పులిహోర కట్టిందెవరు, పిల్లల బట్టలు సర్దిందెవరు, ఫోటోలో లేనిదెవరు? మూడింటికీ జవాబు ఒకరే అవుతుంది, నాదీ పందెం.

"అప్పుడంటే రీలు లెక్క. 36 ఫోటోలే వస్తయి, ఒక్కటి వేస్టయితే పానం ఉసూరుమంటుండె. ఇప్పుడు ఆ బాధ ఎక్కడిది, చేతిల ఫోన్లున్నయి గదా" అంటారు ఎవరైనా. నేనూ అట్లాగే అనుకున్నాను. పోయినేడు వానలు కాస్త తగ్గాక కుంటాల పోయాం. ఇంటికొచ్చి లెక్కపెడితే మూడు వందల పైచిలుకు ఫోటోలు. నేనున్నవి ఐదు. అందులో మూడు సెల్ఫీలు, చెయ్యి చాపిన మేరకు ముక్కు పెద్దదై, వెనక జలపాతం తెల్లటి గీతలా మిగిలినవి. కాలం మారింది, కెమెరా మారింది, నా స్థానం మాత్రం మా అవ్వ స్థానమే.

అందుకే ఈ దసరాకు ముందు ఓ నిర్ణయానికొచ్చాను. ఇంటికి ఒక చిన్న కెమెరా కొనాలి. అరచేతిలో పట్టే, చేతిసంచిలో పడేసుకునే కెమెరా. ఫోనుకు అదనంగా, ఎవరి సొంతమూ కాని కెమెరా.

ఇది విన్న మా వదిన నవ్వింది. "చేతుల ఇంత పెద్ద ఫోను వెట్టుకొని మళ్ల కెమెరా ఏందే? పైసలెక్కువైనయా?" అంది. వదిన జగిత్యాలలో టీచరు. ఏ మాటకైనా కారణం చెప్పందే వదలదు. కాబట్టి ఆమెకు చెప్పిందే మీకూ చెప్తాను.

ఇంట్లో అన్నిటికంటే మంచి ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? చాలా ఇళ్లల్లో ఆయన దగ్గర. ఆయన కొత్తది కొన్నాక పాతది మనకొస్తుంది, స్క్రీన్ మీద గీతతో సహా. పోనీ ఎవరిదైనా సరే, ఫోనంటే ఇప్పుడు బీరువా తాళంచెవి లాంటిది. బ్యాంకు అందులోనే, మాటలూ అందులోనే. పదేళ్ల పిల్లాడికో, డెబ్బై ఏళ్ల అత్తమ్మకో దాన్నిచ్చి "నువ్వు తియ్యి" అని ఎవరం అంటాం? ఇచ్చినా తీసేలోపు ఎవరిదో కాల్ వస్తుంది. కెమెరాకు రహస్యాలు లేవు, కాల్స్ రావు. ఎవరి చేతికైనా ఇవ్వొచ్చు. ఎవరి చేతికైనా పోతేనే, రోజూ తీసే మనిషి కూడా ఒకసారైనా ఫోటోలోకి వస్తుంది.

"అది సరే, మరి ఫోటో ఫోనుకన్న మంచిగొస్తదా?" అని వదిన రెండో ప్రశ్న. ఇక్కడ నిజం చెప్పాలి. అన్ని కెమెరాలతో రాదు. తెలియక కొంటే డబ్బు దండగే.

చిన్న కెమెరా ఎట్లా చిన్నదయింది

మన ప్రాంతంలో ఆడవాళ్లకు, కెమెరాకు మధ్య దూరం పాతదే. పరదా పాటించే ఇళ్లలోని స్త్రీలు మగ ఫోటోగ్రాఫరు ముందు కూర్చోరు కదా అని రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో వాళ్ల కోసమే జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. అంటే నూటముప్పై ఏళ్ల కిందటే, తీసే చెయ్యి ఆడదైతే ఫోటో దిగే మనిషి వేరుగా కూర్చుంటుందని ఒకాయనకు అర్థమైంది. తర్వాత మధ్యతరగతి ఇళ్లకు చేరినవి అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాలు. 80లలో 'ఖటక్' అంటూ ప్రకటనలిచ్చిన హాట్‌షాట్, 90లలో కొడాక్ కేబీ టెన్, యాషికా. మేం బాసరకు తీసుకుపోయింది పక్కింటి వాళ్లదగ్గర అడిగి తెచ్చిన యాషికా. పరాయి వస్తువు, పాడైతే మాటొస్తుందని బాపు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అవ్వ ఫోటోలు తీయలేదు సరే, దాన్ని పట్టుకుని కూడా చూడలేదు.

తర్వాత డిజిటల్ వచ్చింది, రీలు పోయింది. ప్రపంచం మొత్తం మీద 2010లో కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలను దుకాణాలకు పంపాయి. 2023 వచ్చేసరికి ఆ లెక్క 80 లక్షల లోపుకు పడిపోయింది. మింగింది ఫోనే. 1975లో మొదటి డిజిటల్ కెమెరా తమ ఇంజనీరు చేతుల మీదుగానే తయారైన కొడాక్ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసిందంటే చూడండి. అందుకే ఇవాళ కరీంనగర్‌లో గానీ మంచిర్యాలలో గానీ దుకాణంలోకి పోయి పది చిన్న కెమెరాలు వరుసగా పెట్టించుకుని చూడటం కుదరదు. స్టూడియోల వాళ్లు వాడే పెద్ద కెమెరాలుంటాయి, ఇవి అరుదు. ఆన్‌లైన్లోనో, హైదరాబాద్ పోయినప్పుడో కొనాలి, లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి. తమాషా ఏమిటంటే ఇప్పటి కాలేజీ పిల్లలు ఇరవై ఏళ్ల కిందటి పాత డిజిటల్ కెమెరాల కోసం ఎగబడుతున్నారు, అందులో వచ్చే పాత రంగు ముచ్చటగా ఉందట! మన బీరువాలో మూలనపడ్డ కెమెరాకు మంచి రోజులొచ్చాయన్నమాట. ఉంటే పారేయకండి, ముందు దాని బ్యాటరీ దొరుకుతుందో చూడండి.

ఏది చూసి కొనాలి?

దుకాణం అబ్బాయి మొట్టమొదట చెప్పేది మెగాపిక్సెళ్ల గురించి. 20 అని ఒకడు, 48 అని ఇంకొకడు. ఆ లెక్క వదిలేయండి. మనం ఆల్బంలో పెట్టే నాలుగు అంగుళాలు ఆరు అంగుళాల ప్రింటుకు రెండు మెగాపిక్సెళ్లుంటే చాలు. ఏ4 కాగితమంత పెద్దది వేయించాలన్నా తొమ్మిది సరిపోతాయి. ఇవాళ ఏ కెమెరాలోనైనా అంతకన్నా ఎక్కువే ఉంటాయి.

అడగాల్సింది సెన్సర్ ఎంత అని. రీలు ఉన్న చోట ఇప్పుడు ఉండేది అదే, వెలుతురు వచ్చి పడే చిన్న పలక. చవక కెమెరాల్లో అది ఆరు మిల్లీమీటర్ల పొడుగు, నాలుగున్నర వెడల్పు మాత్రమే ఉంటుంది, మన చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. కాస్త ఖరీదైన వాటిలో 'ఒన్ ఇంచ్' అని ఉంటుంది. పేరుకే ఇంచు, నిజానికి 13 మిల్లీమీటర్లకు 9 మిల్లీమీటర్లు. అయినా వైశాల్యంలో మొదటిదానికి నాలుగింతలు. వాన పడుతుంటే గ్లాసు పెడితే ఎన్ని నీళ్లు, గంగాళం పెడితే ఎన్ని నీళ్లు? వెలుతురూ అంతే.

ఇది మనకెందుకంటారా? బతుకమ్మకు. మన కెమెరాకు అసలు పరీక్ష అదే. పొద్దు గూట్లో పడ్డాక ఆట మొదలవుతుంది. ఒకవైపు వీధి లైటు, ఒకవైపు చీకటి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవాళ్లు, నిలబడి ఫోటో దిగేవాళ్లు ఎవరూ ఉండరు. చిన్న సెన్సరున్న కెమెరా అక్కడ చేతులెత్తేస్తుంది. తంగేడు, గునుగు కలిసిపోయి పిండి చల్లినట్టు మచ్చలొస్తాయి, ముఖాలు సాగిపోతాయి. ఫ్లాష్ వేస్తే సరి అనుకుంటాం. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకు మించి పారదు. ముందున్న ఇద్దరు సున్నం పూసినట్టు, వెనకున్న ఇరవై మంది చీకట్లో. ఒన్ ఇంచ్ వాటితో ఫ్లాష్ లేకుండానే గట్టెక్కవచ్చు. సోనీ ఆర్‌ఎక్స్ 100 వరుస 2012లో మొదలైంది, అందులో చాలా రకాలున్నాయి. కానన్ జీ 7 ఎక్స్ వరుస కూడా ఇలాంటిదే. ధర మాత్రం మంచి ఫోను ధర, కొత్త రకమైతే అంతకు మించే.

అంత పెట్టలేకపోతే? అప్పుడు చిన్న సెన్సరు కెమెరానే కొనండి. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. మసక వెలుతురులో అది మీ ఫోనుకన్నా మంచి ఫోటో తీయదు. ఈ మధ్య వచ్చిన మంచి ఫోన్ల సెన్సర్లు అంతకంటే పెద్దవి. మరి ఎందుకు కొనడం అంటే జూమ్ కోసం. ఫోనులో రెండు వేళ్లతో సాగదీస్తే వచ్చేది చాలామట్టుకు ఉన్న బొమ్మనే కత్తిరించి పెద్దది చేయడం. కెమెరాలో అద్దాలు కదిలి నిజంగా దూరాన్ని దగ్గర చేస్తాయి. అందుకే అట్టపెట్టె మీద 'ఆప్టికల్' అని రాసిన అంకె ఒక్కటే చూడండి, 'డిజిటల్ జూమ్' అన్న అంకెను కొట్టేయండి. ఆప్టికల్ పది రెట్ల పైన ఉంటే కడెం ప్రాజెక్టు గట్టు మీద నిలబడి నీళ్ల మీది కొంగను తీయొచ్చు. జన్నారం వైపు కవ్వాల్ అడవిలో జీపులోంచి దుప్పుల గుంపును తీయొచ్చు. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యం చేశారు. పులి కనిపిస్తుందని మాత్రం మీకు నేను మాటివ్వను.

జూమ్ గురించి ఇంకో మాట, ఇది సరదాకు చెప్పేది కాదు. కుంటాలలో నీళ్లు దాదాపు 45 మీటర్ల నుంచి దూకుతాయి. కింద బండలు నాచుపట్టి నున్నగా ఉంటాయి. అక్కడ ప్రాణాలు పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. సెల్ఫీ తీసుకునేవాడు తన కాళ్ల కింద ఏముందో చూడడు, వెనక్కి వెనక్కి జరుగుతాడు. మంచి జూమున్న కెమెరా చేతిలో ఉంటే మెట్ల దగ్గరే ఆగి ఫోటో తీయొచ్చు, పిల్లలను బండల మీదికి పొమ్మననక్కరలేదు. మా ఆయనకు నచ్చిన కారణం ఇదొక్కటే. మిగతావన్నీ ఆడవాళ్ల ముచ్చట్లట!

జూమ్ ఎక్కువున్నది కొంటే చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. 'ఆప్టికల్ స్టెబిలైజేషన్' అంటారు. దూరాన్ని దగ్గర చేసినప్పుడు మన చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది మరి. నీళ్లలో, జల్లులో వాడుకునే గట్టి రకం కెమెరాలు కూడా ఉన్నాయి, కిందపడ్డా తట్టుకుంటాయి. పొచ్చెరలోనో గోదావరి రేవుల్లోనో పిల్లల చేతికి ఇవ్వడానికి అవి బాగు, మసక వెలుతురులో మాత్రం పనికిరావు. ఈ కాస్త జల్లు కోసం అంత ఖర్చెందుకనుకుంటే మామూలు కెమెరాకు పాలిథిన్ కవరు కట్టి లెన్స్ మేరకు రంధ్రం పెట్టండి. నేను చేసేది అదే.

దుకాణంలో చూడగలిగితే ఇట్లా చూడండి. మీ చిప్ మీరే తీసుకుపోండి. ఫ్లాష్ ఆపేసి, దుకాణం లోపల మూలకు నిలబడ్డ మీ వాళ్లను ఒక ఫోటో తీయండి. తర్వాత బయటికొచ్చి ఎండలో ఒకటి తీసి, ఆ ఎండలో స్క్రీన్ కనిపిస్తుందో లేదో చూడండి. కొన్ని కెమెరాల స్క్రీన్ ఎండలో నల్లటి అద్దమే. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆదిలాబాద్ వైపు పోతే అది పెద్ద సమస్య. ఇంటికి తెచ్చి ఆ ఫోటోలను పెద్దవి చేసి కనుబొమ్మలు విడివిడిగా ఉన్నాయా, ముద్దగా ఉన్నాయా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. గాజుల చేతితో బటన్లు నొక్కడానికి వీలుందా, మణికట్టుకు తాడు ఉందా, ఇవి కూడా చూడాలి. బ్యాటరీ ఒకసారి ఛార్జింగ్ పెడితే రెండు మూడు వందల ఫోటోలు వస్తాయి. కాబట్టి ఇంకో బ్యాటరీ కెమెరాతో పాటే కొనేయండి. ఏళ్లు గడిచాక అది దొరకదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఫోను టార్చి వేసి లెన్స్ లోపలికి చూడండి. సాలెగూడు లాంటి తెల్లటి దారాలు కనిపిస్తే అది బూజు, మాటల్లేకుండా తిరిగిచ్చేయండి. జూమ్‌ను చివరిదాకా రెండు మూడుసార్లు తిప్పండి, గరగరమంటే ఇసుక పోయినట్టే. కొన్న తర్వాత మనదాంట్లో బూజు పట్టకుండా కూడా చూసుకోవాలి. వానాకాలమంతా తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచామంటే లెన్స్ పాడయినట్టే. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు గట్టి మూతున్న డబ్బాలో వేసి, అందులో పెట్టండి.

రంగు సంగతి చెప్పకపోతే ఈ రాత సగమే. మా అవ్వ చామనఛాయ. ఉన్న ఒకటి రెండు ఫోటోల్లోనూ ముఖం నల్లగా, కళ్లు మాత్రమే కనిపించేట్టు వచ్చింది. తప్పు ఆమె రంగుది కాదు. ఆ రోజుల్లో రంగుల ప్రింట్లు వేసే యంత్రాలను సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్లు పంపే కార్డు మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉండేది, షిర్లీ కార్డు అనేవారు. ఆ అమ్మాయి ఒంటిరంగు సరిగ్గా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. మనలాంటి వాళ్ల సంగతి ఎవరికి పట్టింది? ఇప్పుడు ఫోన్లు రెండో కొసకు పోయాయి. అడగకుండానే ముఖం తెల్లబరిచి, మచ్చలు చెరిపి, ముడతలు నున్నగా చేసి ఇస్తాయి. అరవై ఏళ్ల మా చిన్నమ్మ ఫోను ఫోటోలో మా చెల్లెలిలా ఉంది! చూడ్డానికి బాగుందేమో, రేపు పిల్లలకు చిన్నమ్మ ముఖం ఎట్లా తెలుస్తుంది? చిన్న కెమెరాల్లోనూ 'బ్యూటీ' అన్న అమరిక ఉంటుంది. మొదటి రోజే దాన్ని ఆపేయండి. మధ్యాహ్నం ఎండలో కొంగు కప్పుకున్న ముఖం నల్లగా వస్తుంటే దానికి వేరే ఉపాయముంది, ఆ పట్టపగలే ఫ్లాష్ వేయండి. పిచ్చిపనిలా కనిపిస్తుంది గానీ దగ్గరున్న మనిషి ముఖం విచ్చుకున్నట్టు వస్తుంది.

అన్నట్టు, బయల్దేరే ముందు కెమెరాలో తేదీ పెట్టుకోండి. పాత ఫోటోల మూలన నారింజ రంగులో పడ్డ తేదీ చూసే కదా మేం బాసర ఏ ఏడు పోయామో చెప్పగలిగాం.

కెమెరా మెడలో వేసుకోగానే మనకు కొంచెం గర్వం కూడా వస్తుంది. ఎవరిని పడితే వాళ్లను తీసేస్తాం. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను ఆ రాత్రి దేవుడికి చూపిస్తారు, భేటింగ్ అంటారు. తెల్లటి బట్టలు, ముఖం మీద ముసుగు. వాళ్ల చుట్టూ చేరి ముసుగులోకి ఫోను చాపే జనం గురించి ఏమనాలి? మన ఇంటి కొత్తకోడలు గౌరీపూజ చేసుకుంటుంటే తెలియని మనిషి వచ్చి ముఖం ముందు కెమెరా పెడితే ఊరుకుంటామా? దీపావళికి గుస్సాడీ ఆడే ఊళ్లల్లోనూ అంతే, నెమలి ఈకల టోపీ ఎంత అందంగా ఉన్నా ముందు పలకరింపు, తర్వాతే కెమెరా. హైమన్‌డార్ఫ్ అనే ఆయన 1940లలో మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చుకుని ఫోటోలు, సినిమాలు తీశాడు. పక్కనే భార్య బెట్టీ ఉంది. ఆమె 1987లో కన్నుమూసింది, సమాధి మార్లవాయిలోనే ఉంది. మనం అక్కడ గడిపేది ఒక పూట. ఆ పూటలో పేరైనా అడగకుండా బొమ్మ తీసుకుపోవడం నాకు నచ్చదు. ఎవరినైనా తీస్తే వాళ్లకో ప్రింటు పంపిస్తామన్న మాట ఇచ్చి, పంపించండి కూడా.

ఇక మా వదిన మూడో ప్రశ్న. "తీసినంక ఎవలు చూస్తరే గవన్నీ?" ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఫోన్లలో ఉన్నవన్నీ భద్రమనుకుంటాం. మా తోటికోడలు ఫోను కాళేశ్వరం సంగమంలో స్నానం చేస్తుంటే జారిపోయింది. ఫోను పోతే పోయింది, అందులో వాళ్ల నాన్న ఆఖరిసారి ఇంటికొచ్చినప్పటి ఫోటోలున్నాయి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపిందా అని అందరినీ అడిగింది. రెండు దొరికాయి. పంపేటప్పుడు అది ఫోటోను కుదించేస్తుంది కదా, గోడకు పెట్టేంత పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా వచ్చింది. ఆవిడ ఏడుపు నేను చూశాను.

కెమెరా చిప్ కూడా పాడవచ్చు, అదేమీ దేవుడిచ్చింది కాదు. అందుకే ఊరు నుంచి రాగానే కంప్యూటర్లోకి ఒకటి, విడిగా ఒక డ్రైవ్‌లోకి ఒకటి ఎక్కించాలి. రెండోది మన ఇంట్లో కాకుండా అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో పెడితే ఇంకా మేలు. అట్లా ఎక్కించాక ఇరవై ఫోటోలు ఎంచి ప్రింట్లు వేయించాలి. మూడు వందలు కాదు, ఇరవై చాలు. వెనకవైపు పెన్సిలుతో ఎవరెవరు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది రాయాలి. బాల్ పెన్ను గట్టిగా నొక్కితే ముందువైపు గీతలు లేస్తాయి. మా పాత ఆల్బంలో అవ్వ పక్కన నవ్వుతున్న ఒకావిడ ఎవరో ఇప్పుడు మాకెవ్వరికీ తెలియదు. చెప్పగలిగినవాళ్లు పోయారు.

వదినకు ఇన్ని చెప్పాక "నువ్వు కొన్నంక నాకోపారి ఇయ్యి, బడి పిల్లలను కొండగట్టు తోల్కపోవాలె" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

కొన్నాను. కొత్తది కాదు, చూసి చూసి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ ఒన్ ఇంచ్ కెమెరా. ఇంటికి తెచ్చిన మొదటి ఆదివారం మానేరు డ్యాం కట్ట మీదికి, అక్కడి నుంచి 2023లో తెరిచిన తీగల వంతెన వైపు పోయాం. ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. కెమెరా ఒక్కరి చేతిలో ఒక్క పూటే, తర్వాత ఇంకొకరికివ్వాలి. మొదటి వంతు అత్తమ్మది. "నాకెందుకే తల్లీ, పాడైతది" అని ఆమె వెనక్కి జరిగింది. మా అమ్మాయి బటన్ ఎక్కడుందో చూపించి చేతిలో పెట్టింది. సాయంత్రం చూసుకుంటే పదహారు ఫోటోలు తీసింది. ఆరింటిలో మా తలలు లేవు, మూడింటిలో అచ్చంగా ఆకాశమే. ఒకదాంట్లో మాత్రం నేను మక్కపొత్తు కొరుకుతూ, పంటి సందున ఇరుక్కున్న గింజ తీసుకుంటూ, ఎందుకో పగలబడి నవ్వుతున్నాను. జుట్టు రేగిపోయి ఉంది, చీర నాదే, భుజాలు నావే.

అదొకటి ప్రింటు వేయించి బీరువాలో పెట్టాను, వెనక ఏడు రాసి. దసరా సెలవులకు మళ్లీ బాసర పోవాలనుకుంటున్నాం. బాపుకు ఇప్పుడు ఎనభై దాటింది, ఆయనా వస్తానన్నాడు. కెమెరా పట్టుకోవడం ఎట్లాగో ఆయనకు మేం నేర్పక్కరలేదు, అడిగితే వేరేవాళ్లకివ్వడం ఒక్కటే నేర్పాలి.